విభక్తులు తెలిసినవారికి రష్యన్ వాచకం: నా అనుభవం

మా అమ్మాయికి 2023 జూన్‌లో రష్యాలోని కజాన్ నగరంలో వైద్యవిద్యకు సీటు ఖాయమైంది. పాఠాలు ఇంగ్లిషులోనే చెబుతారని అందరూ ధైర్యం చెప్పారు గాని, వార్డులో మంచం మీద పడుకున్న రోగి మాట్లాడేది రష్యనే కదా, అతని బాధ అతని మాటల్లో అర్థం కాకుండా నాడి పట్టుకుంటే ఏం తెలుస్తుందన్న ఆలోచన నన్ను మొదటి రోజు నుంచే పట్టుకుంది. నేను హనుమకొండలో ఉంటాను. ములుగు రోడ్డు మీద ఆత్మకూరు దాటాక వచ్చే ఒక ఊరి ఉన్నత పాఠశాలలో ఇరవై ఏళ్లుగా తెలుగు చెబుతున్నాను. అమ్మాయి బయలుదేరేది సెప్టెంబరులో కాబట్టి మా చేతిలో మూడు నెలల సమయం ఉంది.

పిల్లలను విదేశీ చదువులకు పంపే ఒక సంస్థ ఫీజు తీసుకుని నాలుగు వారాల భాషా తరగతులు పెట్టింది. అక్కడ ఇచ్చినవి రష్యన్ మాటలను ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన ఇరవై జిరాక్సు కాగితాలు మాత్రమే. నమస్కారానికి రష్యన్లు చెప్పే మాటలో వరసగా నాలుగైదు హల్లులు వస్తాయి. కాగితం మీద ఉన్న ప్రతి హల్లునూ పలకబోయి అమ్మాయి నాలుక మడతపడేది. నిజానికి ఆ మాటలో మొదటి 'వ'కారం రాతలోనే ఉంటుంది, నోట రాదు. వాళ్లు 'జ్ద్రాస్త్వుయ్‌తె' అని తేలిగ్గా అనేస్తారు. ఆ సంగతి కాగితాల్లో లేదు, చెప్పినవారూ చెప్పలేదు. ఒక రాత్రి ఆ కట్టను నా ముందు పెట్టి, "అమ్మా, గీ ఇంగ్లిషు అక్షరాలల్ల రష్యన్ నాకేం సమజైతలేదు, నువ్వొకసారి చూడరాదు" అంది. నేను రష్యన్ చదవడం అక్కడ మొదలైంది.

మా నాన్నగారు ఆజంజాహి మిల్లు కార్మికులు. 1934లో మొదలైన ఆ మిల్లు వరంగల్లుకు బతుకుతెరువు ఇచ్చినట్టే కొందరు కార్మికులకు చదివే అలవాటును కూడా ఇచ్చింది. మంచి కాగితం మీద అచ్చై, కూలి చేసుకునేవారికి అందే ధరకు వచ్చిన సోవియట్ పుస్తకాల తెలుగు అనువాదాలను ఆయన విశాలాంధ్ర దుకాణంలో కొని పోగుచేసేవారు. 'సోవియట్ భూమి' పత్రిక పేజీలు మా బడి పుస్తకాలకు అట్టలయ్యేవి. ఆయన పోయాక తెరవని రేకు పెట్టెను ఆ జూన్‌లో తెరిస్తే, అనువాదాల అడుగున మాస్కోలో అచ్చయిన ఒక రష్యన్ వాచకం దొరికింది. వివరణలు ఇంగ్లిషులో ఉన్నాయి, మొదటి మూడు పాఠాల్లో పెన్సిలుతో నాన్నగారు రాసుకున్న తెలుగు అర్థాలున్నాయి. నాలుగో పాఠం నుంచి పెన్సిలు గుర్తులు లేవు. ఆయన ఆపిన చోటు నుంచి నేను చదువుతానన్న పట్టుదల నాలో ఆ క్షణాన పుట్టిందని దాచుకోకుండా చెబుతున్నాను.

ఆ పాత వాచకంలో సహకార వ్యవసాయ క్షేత్రాల గురించి, కర్మాగారాల గురించి ఉన్న సంభాషణలు నేటి రష్యాలో ఎవరూ మాట్లాడుకోరు. అయినా అందులో ఒక గొప్ప మేలు ఉంది: ప్రతి మాటలోనూ ఊనిక పడే అచ్చు మీద చిన్న గీత పెట్టి అచ్చువేశారు. రష్యన్‌లో ఏ అచ్చును ఊది పలకాలో రాతను చూసి చెప్పలేము, అది మాట మాటకూ మారుతుంది. 'మూక' అని మొదటి అచ్చును ఊదితే యాతన అని అర్థం. అవే అక్షరాలను 'ముకా' అని చివర ఊదితే పిండి. ఊనిక పడని 'ఒ'కారం 'అ'కారంలా పలుకుతుంది కాబట్టి, మూడు 'ఒ'కారాలతో రాసే పాలు అనే మాట నోటికి వచ్చేసరికి 'మలకో' అవుతుంది. రాసినట్టే పలికే భాషలో పెరిగిన మనకు ఈ గీత లేని పుస్తకం మొదటి ఏడాది చేతికి రాకూడదు. మామూలు రష్యన్ పుస్తకాల్లో, పత్రికల్లో ఆ గీత వేయరు, 'యో' అక్షరం మీద ఉండే రెండు చుక్కలను కూడా చాలాసార్లు వదిలేస్తారు. అప్పుడు 'ఫ్స్యో' అంటే అంతా అనే మాట, 'ఫ్స్యే' అంటే అందరూ అనే మాట కాగితం మీద ఒకేలా కనిపిస్తాయి. నేను ఏ పుస్తకం చేతికి వచ్చినా ముందు ఈ గీతలు, చుక్కలు ఉన్నాయో లేదో చూసి ఆ తరువాతే మొదటి వాక్యం చదివేదాన్ని.

అక్షరాలు ముప్పై మూడు. వాటికి నాకు పట్టింది పది రోజులు. ఇంగ్లిషు బి ఆకారంలో ఉన్నది 'వ', పి ఆకారంలో ఉన్నది 'ర', హెచ్ ఆకారంలో ఉన్నది 'న' కావడం వల్ల ఇంగ్లిషు అలవాటున్న కన్ను మోసపోతుంది. అందుకే నేను ఇంగ్లిషు అక్షరాలతో ముడిపెట్టడం మానేసి, ఒక నోటు పుస్తకంలో ప్రతి రష్యన్ అక్షరానికి ఎదురుగా తెలుగు అక్షరం రాసుకున్నాను. అలా రాస్తుండగా ఒక సంతోషకరమైన సంగతి బయటపడింది. 'త్స' అని ఇంగ్లిషు పుస్తకాలు అవస్థపడి వివరించే అక్షరం మన దంత్య చకారమే. చలి, చాప, చుక్క అనే మాటలను మన ఊళ్లలో పలికినప్పుడు వినిపించే ఆ ధ్వనికి పూర్వం చకారం మీద రెండంకె వేసి 'ౘ' అని రాసేవారు. ఆసుపత్రిని వాళ్లు 'బల్నీౘ' అంటారు, వీధిని 'ఊలిౘ' అంటారు. ఈ ఒక్క మాట చెప్పగానే మా అమ్మాయి ఆ అక్షరాన్ని తప్పులేకుండా పలికింది. మనకు లేని ధ్వనుల్లో, ఎంత విన్నా నాకు వెంటనే పట్టుబడనిది ఇకారానికీ ఉకారానికీ మధ్య గొంతు లోపలి నుంచి వచ్చే ఒక అచ్చు. దానికి వినడం తప్ప మరో దారి లేదు.

పిల్లల తొలి వాచకంలోని ప్రసిద్ధమైన వాక్యం ఒకటి 'మామ మీల రాము' అని వినిపిస్తుంది. తెలుగు చెవికి మామయ్య, రాముడు ఇద్దరూ అందులో కనిపిస్తారు. 'మామ' అంటే అమ్మ, 'రామ' అంటే కిటికీ చట్రం. అమ్మ చట్రాన్ని కడిగింది అని అర్థం. 'రామ' అన్న మాట 'రాము' ఎందుకైందని మా అమ్మాయి అడిగినప్పుడు, ఇంగ్లిషు వివరణలో ఉన్న 'అక్యూజటివ్ కేస్' అన్న మాటను రెండుసార్లు చదివి, చట్రం, చట్రాన్ని అని నా నోట అప్రయత్నంగా వచ్చింది. ఇది ద్వితీయా విభక్తి. ఇరవై ఏళ్లుగా నల్లబల్ల మీద నిన్, నున్, లన్, గూర్చి, గురించి అని రాస్తూ వచ్చినదాన్ని, అంత దగ్గరి బంధువును ఇంగ్లిషు ముసుగులో గుర్తుపట్టడానికి మూడు వారాలు పట్టింది. ఆ రాత్రి నుంచి మేము వ్యాకరణానికి ఇంగ్లిషు పక్కన పెట్టాము.

ఫోనులో రోజుకొక పాఠం ఇచ్చే ఒక ప్రసిద్ధ యాప్‌ను కూడా కొన్నాళ్లు వాడాము. మాటలు గుర్తుండటానికి అది పనికొచ్చింది గాని, మాట చివర ఎందుకు మారిందో అది చెప్పదు, పైగా అడిగేదంతా ఇంగ్లిషులో అడుగుతుంది. రష్యన్‌ను తెలుగు ద్వారా నేర్పే ఆన్‌లైన్ కోర్సు ఏదీ నాకు దొరకలేదు. హైదరాబాద్‌లో ఇఫ్లూ అనే ఇంగ్లిషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో రష్యన్ శాఖ ఉంది, ఢిల్లీలో, చెన్నైలో రష్యన్ సాంస్కృతిక కేంద్రాలు తరగతులు నడుపుతాయి. అక్కడికి వెళ్లగలిగినవారికి అంతకంటే మంచిది లేదు. ఉద్యోగం వదిలి వెళ్లలేని నాకు మిగిలింది స్వయంగా చదువుకోవడమే.

నాకు మొదట కుదిరిన పఠనం వాళ్ల ముల్లంగి కథ. టర్నిప్ దుంపను ముల్లంగి అనడం సరికాకపోయినా మా పిల్లలకు చెప్పేటప్పుడు అలాగే చెప్పాను. తాత దుంప నాటాడు, అది పెద్దదిగా పెరిగింది, లాగితే రాలేదు, అవ్వను పిలిచాడు, అవ్వ మనవరాలిని పిలిచింది, అలా కుక్క, పిల్లి, చివరికి ఎలుక వచ్చి చేరితే దుంప ఊడి వచ్చింది. ఒక్కొక్కరు వచ్చి చేరినప్పుడల్లా మొదటి నుంచి వరస మళ్లీ చెబుతారు. 'బాప్క ౙ దేత్కు, దేత్క ౙ రేప్కు' అని సాగుతుంది ఆ వరస: అవ్వ తాతను పట్టుకుంది, తాత దుంపను పట్టుకున్నాడు. దేత్క తాత, దేత్కు తాతను. రేప్క దుంప, రేప్కు దుంపను. బాప్క, వ్నూచ్క, జూచ్క, కోష్క, మిష్క, వచ్చేవాళ్లందరి పేర్లూ 'క'తోనే ముగుస్తాయి, పట్టుకోబడినప్పుడల్లా ఆ 'క' 'కు' అవుతుంది. కథ పూర్తయ్యేసరికి ద్వితీయా విభక్తి ఇరవై సార్లకు పైగా చెవిన పడుతుంది. పట్టిక బట్టీపట్టకుండా విభక్తి నాకు నోటికి వచ్చింది ఇక్కడే. మా ఆరో తరగతి పిల్లలకు ఈ కథ చెబితే, ఇది మన ఏడు చేపల కథ లెక్కనే ఉంది టీచర్ అన్నారు. చేపా చేపా ఎందుకు ఎండలేదు అన్న ప్రశ్న గడ్డిమోపు దాకా, ఆవు దాకా, చీమ దాకా నడిచినట్టే అక్కడ లాగడం నడుస్తుంది.

ఆ వరసలో ఇంకొక పాఠం దాగి ఉంది. తాత పేరు రాతలో 'దేద్క', అవ్వ పేరు రాతలో 'బాబ్క'. పక్కన 'క' రావడంతో ద్, బ్ అనే సరళాలు త్, ప్ అనే పరుషాలుగా పలుకుతాయి. మాట చివర వచ్చిన సరళం కూడా అంతే. మన సరళాదేశ సంధిలో ద్రుతం మీది పరుషాలు సరళాలవుతాయి, వాళ్ల దగ్గర దానికి తలకిందులు. తెలుగు వ్యాకరణం ఒకసారైనా శ్రద్ధగా చదివినవారికి ఇది ఒక వాక్యంతో అర్థమయ్యే విషయం, ఇంగ్లిషు పుస్తకంలో మాత్రం దీనికి రెండు పేజీలు పట్టింది.

ఆ మూడు నెలల్లో నేను తయారుచేసిన నోటు పుస్తకం నిండా ఇలాంటి పోలికలే. రష్యన్‌లో విభక్తులు ఆరు. ఇది పుస్తకం అనడానికి 'ఏత క్నీగ' అంటే చాలు, మనలాగే వాళ్లకూ వర్తమానంలో మధ్యలో క్రియ అక్కరలేదు. నాకు నలభై ఆరేళ్లు అని మనం అన్నట్టే 'మ్న్యే సోరక్ షేస్త్ ల్యేత్' అంటారు, 'నాకు' అన్న మాటతోనే మొదలవుతుంది. నాకు చలిగా ఉంది, నాకు నచ్చింది అనేవి కూడా అదే పద్ధతిలో వస్తాయి. ఇంగ్లిషు ద్వారా నేర్చుకునేవారు 'నేను'ను 'నాకు'గా మార్చుకోవడానికి కష్టపడే చోట మనం ఉన్నచోటనే ఉంటాము. అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచినది జడపదాల సంగతి. పుస్తకం చదివాను అంటాము, పుస్తకాన్ని అనకపోయినా తప్పులేదు. కాని పిల్లవాడిని చూశాను అనాల్సిందే, పిల్లవాడు చూశాను అనలేము. రష్యన్ పుంలింగ పదాల్లో ఇదే జరుగుతుంది: బల్లను చూస్తున్నాను అన్నప్పుడు బల్ల మాట ప్రథమలో ఉన్నట్టే ఉంటుంది, విద్యార్థిని చూస్తున్నాను అన్నప్పుడు మాట చివర మారుతుంది. ప్రాణం ఉన్నదానికి ఒక తీరు, లేనిదానికి మరొక తీరు.

పోలిక ఎక్కడ తెగుతుందో కూడా రాసుకోవాలి, లేకపోతే అదే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. మనకు పెన్నుతో రాయడంలోనూ అమ్మతో వెళ్లడంలోనూ ఒకటే 'తో'. వాళ్లకు పనిముట్టు అయితే మాట చివర మార్చి 'రూచ్‌కయ్' అంటే చాలు. తోడు అయితే ముందు 'స్' చేర్చి 'స్ మామయ్' అనాలి. మనం బడికి వెళతాము, డాక్టరు దగ్గరికి వెళతాము. వాళ్లు బడికి వెళ్లేటప్పుడు ద్వితీయ వాడి 'ఫ్ ష్కోలు' అంటారు, బడిలో ఉన్నప్పుడు 'ఫ్ ష్కోలె' అంటారు, మనిషి దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రం మన 'కి'కి దగ్గరగా ఉండే విభక్తితో 'క్ వ్రచూ' అంటారు. లింగం మన దగ్గర వస్తువును బట్టి, అక్కడ ఎక్కువగా మాట చివరి అక్షరాన్ని బట్టి. బల్ల పురుషుడు, పుస్తకం స్త్రీ, కిటికీ నపుంసకం. దీనికి తెలుగులో ఆధారం వెతకడం వృథా.

సెప్టెంబరులో అమ్మాయి వెళ్లిపోయింది. నేను ఆపలేదు. హనుమకొండ నుంచి బడికి బస్సులో దాదాపు గంట పడుతుంది, రానూపోనూ ఆ రెండు గంటలు నా రష్యన్ సమయం అయ్యాయి. ఇక్కడ నేను చేసిన ఒక పెద్ద పొరపాటును చెప్పాలి. చదవడం వచ్చింది కదా, సులభమైన పుస్తకమంటే పిల్లల పుస్తకమేనని అనుకుని, ఆన్‌లైన్‌లో దొరికిన చుకోవ్‌స్కీ గేయకథలను, వాటితోపాటు టాల్‌స్టాయ్ పిల్లల కోసం రాసిన చిన్న కథలను ముందు పెట్టుకున్నాను. టాల్‌స్టాయ్ 1859లో యాస్నయా పొల్యానాలోని తన ఎస్టేటులో రైతుల పిల్లలకు బడి పెట్టి, వారి కోసం 1872లో ఒక అక్షరమాల పుస్తకాన్ని, 1875లో దాన్ని మార్చి కొత్త అక్షరమాలను తెచ్చాడు. అయిదారు వాక్యాల్లో ముగిసే కథలు అవి, ఎంత స్వచ్ఛమైన వచనమో చదివితేగాని తెలియదు. అయినా నాకు మొదటి పేజీలోనే ఇరవై తెలియని మాటలు వచ్చాయి. గాడిపొయ్యి, కాడి, గొర్రెతోలు కోటు వంటి పల్లె మాటలు, ముద్దుపేర్లు, అసమాపక క్రియలు. ఆరేళ్ల రష్యన్ పిల్లవాడికి అక్షరాలు కొత్త గాని భాష పాతది, వాడు వేల మాటలతో బడికి వస్తాడు. నాకు అక్షరాలు వచ్చు గాని భాష లేదు. గేయాలైతే ఇంకా కష్టం, ప్రాస కోసం మాటల వరస మారిపోతుంది. మన పిల్లలు పాడుకునే చెమ్మచెక్క పాటను తెలుగు నేర్చుకుంటున్న పరాయివాడికి మొదటి పాఠంగా ఇస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. రెండు నెలలు ఆ పుస్తకాలతో పోరాడి అలసిపోయాను. నాకు అవసరమైనది పిల్లల కోసం రాసినది కాదు, నాలాగా భాష నేర్చుకుంటున్న పెద్దవాళ్ల కోసం రాసినది.

అలాంటి పుస్తకాలు ఉన్నాయని, వాటికి లెక్క కూడా ఉందని తరువాత తెలిసింది. విదేశీయులకు రష్యన్‌లో నిర్వహించే ప్రభుత్వ పరీక్షల్లో మొదటి స్థాయికి 780 మాటలు, దాని పై స్థాయికి 1300, ఆ తరువాతి స్థాయికి 2300 మాటలు రావాలని జాబితాలు అచ్చువేశారు. ఈ లెక్కకు లోబడి పేరున్న రచయితల కథలను కుదించి తిరగరాసిన వాచకాలను సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని జ్లతఊస్త్ అనే ప్రచురణ సంస్థ వేస్తుంది. మాటల మీద ఊనిక గీతలు, కొత్త మాటలకు అడుగున వివరణ, కథ చివర ప్రశ్నలు ఉంటాయి. మా అమ్మాయి మొదటి వేసవి సెలవులకు వచ్చినప్పుడు రెండు సన్నని పుస్తకాలు తెచ్చింది. మొదటిదాన్ని బస్సులో తెరిచి, నిఘంటువు చూడకుండా ఒక పేజీ చివరి దాకా వచ్చిన ఉదయం ఇప్పటికీ నా కళ్ల ముందుంది. బస్సు అప్పుడే ములుగు రోడ్డు ఎక్కింది, నేను మళ్లీ ఆ పేజీ మొదటికి వెళ్లి, అర్థమైంది నిజమేనా అని ఇంకోసారి చదివాను. 780 మాటల జాబితా నా దగ్గర ముందే ఉండి ఉంటే ఆ రెండు నెలలు మిగిలేవి. ఇప్పుడు ఎవరైనా అడిగితే ముందు ఆ జాబితా సంపాదించుకోండి, ఏ పుస్తకమైనా దానితో సరిపోల్చుకుని కొనండి అని చెబుతాను. పేజీకి అయిదారు మాటలు తెలియకపోతే ఆ పుస్తకం మనది, ఇరవై తెలియకపోతే దాన్ని ఆరు నెలలు అలమారలో పెట్టడం మేలు.

డబ్బు పెట్టకుండా దొరికేవాటిలో నాకు నిలకడగా ఉపయోగపడినవి మూడు. మాస్కోలోని పుష్కిన్ ఇన్‌స్టిట్యూట్ ఆన్‌లైన్‌లో మొదటి స్థాయి నుంచి ఉచితంగా పాఠాలు ఇస్తుంది. రెండోది నెమ్మదిగా మాట్లాడే ఉపాధ్యాయుల ధ్వని పాఠాలు. వీటిలో మాట్లాడినదంతా అక్షరాల్లో కూడా ఇచ్చేవాటినే నేను ఎంచుకున్నాను. పొద్దున బస్సులో కాగితం చూడకుండా వినడం, సాయంత్రం తిరుగు బస్సులో అదే పాఠాన్ని కళ్లతో చదువుతూ వినడం, రాత్రి అందులోంచి అయిదు వాక్యాలు చేత్తో రాయడం నా పద్ధతి. మూడోది ఎవరూ చెప్పనిది, వంటల పేజీలు. వాళ్ల 'బ్లినీ' మన దోశకు దూరపు చుట్టం. దాన్ని చేసే విధానం చదివితే 'ముకా' పిండి, 'మలకో' పాలు, 'యాయ్ౘ' గుడ్లు, 'సోల్' ఉప్పు, 'సాహర్' చక్కెర అని పదార్థాలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి, ఆ తరువాత పోయాలి, కలపాలి, వేయించాలి అని చిన్న చిన్న వాక్యాలు వస్తాయి. వంట మనకు తెలిసిందే కాబట్టి తెలియని క్రియ కూడా దాని చోటును బట్టి తెలిసిపోతుంది. 'దబావిత్ ముకూ' అన్నప్పుడు పిండి ద్వితీయలోకి మారడం కూడా కళ్లబడుతుంది. ఆ 'సాహర్' మన శర్కర నుంచే గ్రీకు మీదుగా అక్కడికి చేరిందని తెలిసినప్పుడు తెలుగు ఉపాధ్యాయురాలిగా నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. 'ద్వ' రెండు, 'త్రి' మూడు, 'బ్రాత్' సోదరుడు, 'అగోన్' నిప్పు: ద్వి, త్రి, భ్రాత, అగ్ని తెలిసినవారికి ఈ మాటలు ఒక్కసారి వింటే చాలు.

రష్యన్ వికీపీడియాలో వరంగల్ గురించి ఉన్న పేజీని కూడా ఆశగా తెరిచాను. తెలిసిన ఊరి సంగతులు కాబట్టి అర్థమవుతుందనుకున్నాను గాని, విజ్ఞాన సర్వస్వ భాష బరువైనది, అందులోని పొడుగు విశేషణాలు తొలి ఏడాది వారికి పనికిరావు. కాకతీయ అన్న మాటను ఆ అక్షరాల్లో చదివిన సంతృప్తి ఒక్కటే మిగిలింది.

క్రియల విషయంలో నాకు సాయపడింది మళ్లీ తెలుగే. రష్యన్‌లో దాదాపు ప్రతి పనికీ రెండు క్రియలుంటాయి, ఒకటి పని సాగడాన్ని లేదా మళ్లీ మళ్లీ జరగడాన్ని చెబుతుంది, రెండోది పని ముగిసిపోయిందని చెబుతుంది. 'చితాల' అంటే చదివాను, చదువుతూ ఉండేదాన్ని. 'ప్రచితాల' అంటే చదివేశాను. చదివాను, చదివేశాను అనే రెంటికీ ఉన్న తేడా ఏమిటని మనల్ని ఎవరైనా అడిగితే వెంటనే చెప్పలేకపోవచ్చు గాని, ఎక్కడ ఏది అనాలో మన నోటికి తెలుసు. రెండు భాషలూ ప్రతి చోటా కలవవు, అయినా ఆ నోటి తెలివి మొదటి మెట్టు దాటిస్తుంది. భూతకాలంలో మాత్రం నేను ఒక తప్పు చాలా రోజులు చేశాను. నేను విన్న ధ్వని పాఠాలు ఒక మగ ఉపాధ్యాయుడివి. ఆయన 'య చితాల్' అన్నట్టే నేనూ అమ్మాయికి పంపిన మాటల్లో 'చితాల్' అంటూ వచ్చాను. మనకు చదివాడు, చదివింది అని తేడా ఉంటుంది గాని నేను అన్నప్పుడు ఆడా మగా ఒకటే. వాళ్లకు నేను అన్నప్పుడు కూడా తేడా ఉంటుంది, ఆడవారు 'చితాల' అనాలి. కజాన్ సమయం మనకంటే రెండున్నర గంటలు వెనుక. ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నరకు అమ్మాయి ఫోను చేసి, "అమ్మా, నువ్వు మగోళ్ల లెక్క మాట్లాడుతున్నవ్, చివర 'అ' పెట్టాలె" అని దిద్దింది. ఆ రాత్రి నోటు పుస్తకంలోని వాక్యాలన్నీ ఎర్ర సిరాతో దిద్దుకున్నాను. ఆడవారు నేర్చుకునేటప్పుడు ఆడ గొంతు పాఠాలు కొన్నయినా తప్పకుండా వినాలి.

మాట చివరలు మారే భాషలో నిఘంటువు చూడటం కూడా ఒక విద్యే. వాక్యంలో 'రేప్కు' కనబడితే నిఘంటువులో అది ఉండదు, 'రేప్క' అని వెతకాలి. మొదట్లో ఆ మూల రూపం తెలియక ఒక్కొక్క మాటకు పది నిమిషాలు పోయేది. విక్షనరీలో ఏ రూపం కొట్టినా మూల పదానికి దారి చూపి, ఆరు విభక్తుల్లో ఏకవచన బహువచన పట్టిక అంతా ఊనిక గీతలతో చూపిస్తుందని తెలిశాక ఆ ఇబ్బంది తీరింది. రాయడానికి మాత్రం నాకు ఆసరా 1972లో మాస్కోలో అచ్చయిన తెలుగు–రష్యన్ నిఘంటువు స్కాన్ ప్రతి. తెలుగు నేర్చుకునే రష్యన్ల కోసం చేసిన ఆ పుస్తకంలో మన మాటకు ఎదురుగా వాళ్ల మాట ఉంటుంది. మన భాషను అంత శ్రద్ధగా వరస పెట్టి రాసుకున్నవారు అక్కడ ఉన్నారన్న ఎరుక నా చదువుకు బలమిచ్చింది.

మా అమ్మాయి ఇప్పుడు మూడో ఏడాదిలో ఉంది, వార్డులకు వెళుతోంది. మేమిద్దరం వారానికి ఒక రోజు ఫోనులో రోగీ వైద్యురాలూ అయి మాట్లాడుకుంటాము. 'ఉ మిన్యా బలీత్ గలవా' అని నేను అంటాను, అంటే నాకు తల నొస్తున్నది అని. ఎప్పటి నుంచి, జ్వరం ఉందా, ఏ వైపు అని ఆమె అడుగుతుంది. నేను చెప్పే జవాబుల్లో తప్పులను ఆమె దిద్దుతుంది, ఆమె అడిగే ప్రశ్నల్లో విభక్తి తప్పితే నేను దిద్దుతాను.

నాకు ఇంకా లొంగనిది చేతిరాత. అచ్చులో వేరుగా ఉండే అక్షరాలు చేతిరాతలో రూపం మార్చుకుంటాయి. అచ్చులోని 'త' చేతిరాతలో ఇంగ్లిషు చిన్న ఎమ్‌లా ఉంటుంది, 'ష', 'ఇ', 'ల' అనేవి వరసగా వస్తే ఒకే కొలతలో వేసిన గీతల బారులా కనిపిస్తాయి. పోయిన నెలలో అమ్మాయి తమ ప్రొఫెసరు బోర్డు మీద రాసిన రెండు వరుసలను ఫోటో తీసి పంపింది. అందులో పదకొండు మాటలుంటే నాకు తెలిసినవి నాలుగు: నొప్పి, కుడి, రాత్రి, లేదు. అక్కడి ఒకటో తరగతి పిల్లలు దిద్దే 'ప్రోపిసి' అనే వాలుగీతల నకలు పుస్తకం ఒకటి తెప్పించుకున్నాను. రోజూ రాత్రి భోజనాలయ్యాక ఒక పేజీ దిద్దుతున్నాను, నిన్నటికి పదిహేడో పేజీలో ఉన్నాను.